మూడవ తీగ

శబ్దమంతా నాదం కాదు. చెవికి సోకినది శబ్దమైతే, మనసుకు సోకినది నాదమని మన పెద్దలు ఒక సరిహద్దు గీశారు. సంగీత శాస్త్రకారులు ఆ నాదాన్ని ఆహతమని, అనాహతమని రెండు విధాలుగా విభజించారు. తీగను మీటితే, మద్దెలను తాడిస్తే, వేణువును పూరిస్తే పుట్టేది ఆహతం. ఎవరూ దేనినీ తాకకుండానే యోగి హృదయంలో వినిపించేది అనాహతం. తెలుగు అధ్యాపకుడిగా ఈ విభజనను తరగతి గదిలో అనేక పర్యాయాలు వివరించాను. కాని ఎవరూ తాకకుండానే, యోగి కానివాడికి కూడా, అహోరాత్రాలు ఒకే స్వరంలో వినిపించే శబ్దం మరొకటి ఉన్నదని గత సంవత్సరం మన కళాశాల వార్షికోత్సవ సన్నాహాలలో గాని నాకు తెలిసిరాలేదు. రేడియో మెకానిక్కులు దానిని ‘హమ్మింగ్’ అంటారు. తుమ్మెద రొద అని మనం గౌరవంగా పిలుచుకోవచ్చు. ఆ రొదను వెతుక్కుంటూ వెళ్లిన నాకు చివరకు నా అహంకారమే ఎదురుపడింది. విద్యార్థులకు, కమిటీ పెద్దలకు ఆ ముచ్చట విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బి.ఏ. రెండవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని వార్షికోత్సవంలో వీణ వాయిస్తానని ముందుకు వచ్చింది. మన వేదికపై గేయాలు, గజళ్లు, ఏకపాత్రాభినయాలు అనేకం జరిగాయి గాని వీణ ఎన్నడూ మోగలేదు. ఊరిలో విశ్రాంతి తీసుకుంటున్న ఒక వృద్ధ ఉపాధ్యాయిని వద్ద ఆ అమ్మాయి ఐదేళ్లుగా నేర్చుకుంటున్నది. వీణ గొంతు చిన్నది. పనసకర్రతో తొలిచిన కుండ, దండిపై మైనంలో అమర్చిన 24 మెట్లు, నాలుగు వాయించే తీగలు, మూడు తాళపు తీగలు. ఇంత సంపద ఉన్నా అది గదిలో కూర్చుని వినవలసిన వాద్యమే. వేయిమంది కూర్చునే ఆరుబయట సభలో దాని గమకాలు గాలిలో కలిసిపోతాయి. కనుకనే ఈ శతాబ్దానికి ముందు తరంలోనే వైణికులు వీణ కుండకు అంటిపెట్టే కాంటాక్టు మైకును ఆశ్రయించారు. ఈమని శంకరశాస్త్రిగారి (1922–1987) శిష్యుడు, కాకినాడలో జన్మించిన చిట్టిబాబుగారు (1936–1996) వీణను పెద్ద సభలకు తీసుకువెళ్లిన తీరు పాత తరంవారికి జ్ఞాపకమే. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) విద్యుత్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతం పలికించి లోకాన్ని ఆశ్చర్యపరచిన సంగతి నేటి విద్యార్థులు కూడా వినే ఉంటారు. తీగవాద్యానికి, విద్యుత్తుకు అప్పటికే చుట్టరికం కుదిరింది. ఆ చుట్టరికంలో కట్నంగా వచ్చిందే ఈ రొద.

కాంటాక్టు మైకులో ఉండేది ఒక స్ఫటికం వంటి బిళ్ల. ఒత్తిడికి లోనైనప్పుడు కొన్ని స్ఫటికాలు విద్యుత్తును పుట్టిస్తాయని క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. వీణ కుండ కంపిస్తే బిళ్ల కంపిస్తుంది, బిళ్ల కంపిస్తే అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. అయితే ఆ విద్యుత్తు మహా సుకుమారం. దానిని నేరుగా సాధారణ యాంప్లిఫయరులోకి పంపితే మంద్రస్థాయి అంతా హరించుకుపోయి, వీణ రేకుడబ్బా వలె పలుకుతుంది. మధ్యలో దానిని ఆదరంగా చేరదీసి, కాస్త బలం పోసి పంపే సాధనం ఒకటి కావాలి. అదే ప్రీ-యాంప్లిఫయరు. అటువంటి పెట్టె మా ఇంటి అటకమీద ఉన్నది. మా మామూ స్వహస్తాలతో చేసినది.

మా అమ్మీకి అన్నగారైన మామూ కనిగిరి బజారులో చాలాకాలం రేడియో దుకాణం నడిపారు. ఆయన కన్నుమూసి ఏడేళ్లయింది. చదివినది ఎనిమిదో తరగతి, వినినది మాత్రం అపారం. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ రేడియో కేంద్రం ఆయనకు విశ్వవిద్యాలయం. కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వరంతో దక్షిణాదిని మెప్పించిన షేక్ చినమౌలానా సాహెబుగారి (1924–1999) కచేరీ వస్తున్నదంటే దుకాణంలో ఉన్న రేడియోలన్నీ ఒకేసారి పలికేవి. పొన్నెకల్లు నుంచి బయలుదేరి, తంబురా భుజాన వేసుకుని, బుర్రకథను ఊరూరా తిప్పిన షేక్ నాజర్‌గారి (1920–1997) పేరు చెబితే మామూ కళ్లు మెరిసేవి. సంగీతానికి మతం ఏమిటి, శ్రుతి ఒకటే ఉంటే చాలదా అనే ప్రశ్న ఆ దుకాణంలో ఎవరికీ తట్టనే లేదు.

పై వీణ టీచరుగారు నడివయసులో మద్రాసు నుంచి ఒక కాంటాక్టు మైకు తెచ్చుకున్నారట. అది ఇక్కడి మైకుసెట్టుతో పొసగలేదు. ఆమె మామూను పిలిపించి, ‘సాయిబుగారూ, దీనికేదైనా ఉపాయం చెప్పండి’ అని అడిగారట. మామూ పదిహేను రోజులు శ్రమించి ఒక పెట్టె చేశారు. అందులో ఇ.సి.సి. 83 అనే వాల్వు ఒకటి, ఏకదిశా విద్యుత్తును తయారుచేసే ఇ.జెడ్. 80 అనే వాల్వు మరొకటి, ఒక ట్రాన్స్‌ఫార్మరు, రెండు ఫిల్టర్ కండెన్సర్లు, ముందువైపు ఒకే ఒక మరబొత్తాం. ఫ్లెమింగ్ 1904లో, డీ ఫారెస్ట్ 1906లో వేసిన దారి వెంట ప్రపంచమంతా నడిచిన వాల్వుల కాలం అది. 1954లో స్థాపితమైన బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా వాల్వులు తయారుచేసింది. పిమ్మట ట్రాన్సిస్టరు వచ్చి వాల్వును అటకెక్కించింది. మా పెట్టె కూడా అలాగే ఎక్కింది.

వార్షికోత్సవం ఇంకా పన్నెండు రోజులున్నదనగా ఆ పెట్టెను దించాను. దానితోపాటు మామూ నోటుబుక్కు దొరికింది. ఆయన తెలుగు మాటలను ఉర్దూ లిపిలో వ్రాసుకునేవారు. ఉర్దూలో మూర్ధన్య ణకారం లేదు గనుక ‘వీణ’ అక్కడ ‘వీనా’ అయింది. తరగతిలో ‘న’కు ‘ణ’కు భేదం చెప్పలేక సతమతమయ్యే నేను దానిని చూసి చిరునవ్వు నవ్వాను. మొదటి పుటలో రెండు వాక్యాలున్నాయి. ‘పహలే సున్, ఫిర్ ఛూ’: ముందు విను, తరువాత తాకు. ‘జమీన్ ఏక్ హీ జగహ్’: భూమి ఒక్కచోటే. మొదటిది నీతివాక్యంగా, రెండవది వేదాంతంగా కనిపించాయి. రెండూ మరమ్మతు సూత్రాలని అప్పుడు గ్రహించలేదు.

సభామందిరంలో పెట్టెను వేదికపై ఉన్న ప్లగ్గుకు, కళాశాల యాంప్లిఫయరును పక్కగదిలోని ప్లగ్గుకు తగిలించి, రెండింటినీ తీగతో కలిపాను. వాల్వులు నిదానంగా ఎర్రబడ్డాయి. వాటితోపాటే స్పీకర్లలోంచి ‘గూ...’ అని ఒక రొద లేచింది. వీణ మీటితే వీణ వినిపిస్తున్నది, కాని నూతిలోంచి పిలిచినట్లు. ఎర్తు తీగ తొలగిస్తే హమ్మింగ్ పోతుందని ఎప్పుడో ఎవరో చెప్పిన మాట జ్ఞాపకం వచ్చింది. స్క్రూడ్రైవరు తీసుకుని పెట్టె ప్లగ్గులోని మూడు తీగలలో ఆకుపచ్చ తీగను ఊడదీశాను. ఆశ్చర్యం! రొద సగానికి పైగా తగ్గిపోయింది. చుట్టూ ఉన్న విద్యార్థులు చప్పట్లు కొట్టారు. సహాధ్యాపకుడొకరు ‘తెలుగు మాస్టారికి టెక్నాలజీ కూడా తెలుసే’ అన్నారు. ‘మామూ మేనల్లుణ్ణి గదా’ అన్నాను. ఆ మాట నేటికీ నా చెవిలో మోగుతూనే ఉన్నది.

మరునాటి సాయంకాలం సాధన. ఆ అమ్మాయి టీచరుగారి వీణనే తెచ్చుకున్నది. ఆ వీణకు మామూ ఎప్పుడో ఒక సన్నని రాగితీగను నాగపాశానికి చుట్టి, పెట్టె చాసిస్‌కు కలిపే ఏర్పాటు చేశారు. తీగలు, వాటిని తాకే చేయి కూడా గాలిలోని రొదను పట్టుకోకుండా ఉండడానికి ఆ ఉపాయం. అమ్మాయి మోహనరాగం ఆలాపన అందుకున్నది. కొంతసేపటికి, పెట్టెనుంచి యాంప్లిఫయరుకు పోయే జాక్‌లో తీగ వదులై స్పీకర్లు ఒక్కసారి భోరుమన్నాయి. ఆ అమ్మాయి ఎడమచేయి తీగలపై ఉండగానే, శబ్దానికి కారణం ఎదురుగా ఉన్న మైకే అనుకున్నదేమో, కుడిచేత్తో ఇనుప స్టాండును జరుపబోయింది. మరుక్షణం ‘అమ్మా!’ అని కేకవేసి వెనక్కు విరుచుకుపడింది. వీణ ఒడిలోంచి జారి చాపపై ఒరిగింది.

దైవానుగ్రహం వల్ల చేయి విడిపోయింది. అరగంటలో ఆమె కోలుకుని మంచినీళ్లు తాగి, ‘ఏం ఫరవాలేదు సార్’ అన్నది. నా కాళ్లు మాత్రం వణుకుతూనే ఉన్నాయి. కళాశాల ఎలక్ట్రీషియను వచ్చి టెస్టరును వీణ తీగకు ఆనించాడు. టెస్టరు ఎర్రగా వెలిగింది. మీటినప్పుడు రాగం పలికే తీగ, చూస్తూండగా, కరెంటు తీగ అయిపోయింది!

జరిగినది ఇది. పాతకాలపు పెట్టెలలో బయటి చిటపటలు రాకుండా కరెంటు తీగకు, చాసిస్‌కు మధ్య ఒక చిన్న కండెన్సరు వేసేవారు. దశాబ్దాలు గడిచేసరికి అది లోలోపల చెడి, కరెంటును చాసిస్‌పైకి కారుస్తున్నది. ఎర్తు తీగ ఉన్నంతకాలం ఆ కారిన కరెంటు భూమిలోకి పోయేది. నేను దానిని ఊడదీశాక, యాంప్లిఫయరుకు పోయే షీల్డు తీగ ఒక్కటే దానికి దారిగా మిగిలింది. జాక్ వదులై ఆ దారి కూడా తెగింది. ఇక మిగిలిన దారి చాసిస్ నుంచి రాగితీగ, రాగితీగ నుంచి వీణ తీగ, వీణ తీగ నుంచి ఆ బిడ్డ చేయి, గుండె, రెండో చేయి, ఇనుప స్టాండు, భూమి. నేను రొదను పోగొట్టలేదు. రొదను వినిపించకుండా చేసి, దాని స్థానంలో మృత్యువును కూర్చోబెట్టాను.

ఆ రాత్రి అమ్మాయి తండ్రిగారు వచ్చారు. ఆయన మిరపతోట సాగుచేసే రైతు. ప్రిన్సిపాలుగారి గదిలో నిలబడే ఉండి, ‘వైరు ఎవరు తీశారు సార్?’ అని అడిగారు. ఎలక్ట్రీషియను తల వంచుకున్నాడు. అతడు తీయలేదని అందరికీ తెలుసు, చెప్పడానికి నోరు రాలేదు. ‘నేనే తీశాను. తెలియక కాదు, తెలుసుననుకుని తీశాను’ అన్నాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నారు: ‘మా అన్న మోటారు స్టార్టరు డబ్బా మీద చెయ్యేసి పోయినాడు సార్. ఎర్తు ఉంటే బతికేవాడని లైనుమను చెప్పినాడు. ఎర్తు ఉన్నన్నాళ్లు అది ఎందుకుందో ఎవరికీ తెలవదు.’ వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, ‘మళ్లీ సరిగ్గా చెయ్యండి. చేస్తే మా పిల్ల వాయిస్తది’ అన్నారు. నన్ను దూషించి ఉంటే నాకు సులువుగా ఉండేది.

నాటి నుంచి నేను నోటుబుక్కుకు శిష్యుడనయ్యాను. పగలు పాఠాలు, రాత్రి పెట్టె. ఎలక్ట్రీషియను పక్కనే ఉండేవాడు. అతడు లేనిదే మూత తెరువరాదని మేము నియమం పెట్టుకున్నాము. వాల్వు పెట్టెలో సుమారు 250 వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా కండెన్సర్లలో ఆ శక్తి పాములా ముడుచుకుని ఉంటుంది. ఒక రెసిస్టరు ద్వారా దానిని ఖాళీ చేసి, మీటరుతో సున్నా చూసి, అప్పుడే చేయి పెట్టాలి. చిన్నతనంలో మామూ ఒక చేయి జేబులో పెట్టుకుని పనిచేయడం చూసి అదొక దర్జా అనుకునేవాడిని. రెండు చేతులూ పెట్టెలో ఉంటే కరెంటు గుండె మీదుగా పోతుందని, ఆ జేబులోని చేయి ప్రాణరక్షణ అని ఇప్పుడు అర్థమైంది.

మొదటి పని ఆ చెడిన కండెన్సరును కోసి పారవేయడం. రెండవ పని మూడవ తీగను యథాస్థానంలో బిగించడం. మూడవది, ఆ తీగ వెళ్లి చేరే భూమి అసలు ఉన్నదా అని పరీక్షించడం. ఎలక్ట్రీషియను వేదికపై ప్లగ్గులో ఎర్తుకు, కరెంటుకు మధ్య వంద వాట్ల బల్బు పెట్టి చూశాడు. ఎర్తు సరిగా ఉంటే బల్బు నిండుగా వెలగాలి. అది మిణుగురులా మిణుకుమన్నది. తవ్వి చూస్తే ఎర్తు గుంటలో ఉప్పు, బొగ్గు దుమ్మై ఉన్నాయి. తేమ లేని భూమి కరెంటును స్వీకరించదు. కరవుకు పేరుపడిన మన కనిగిరిలో వేసవి వస్తే మనుషులకే నీరు కరవు, ఇక గుంటకు ఎవరు పోస్తారు? రెండు బిందెలు అడిగితే అటెండరు, ‘తాగడానికి లేకపోతే మట్టికి పోస్తారా సార్?’ అన్నాడు. అతని మాట న్యాయమే. ఫ్లోరైడు పీడిత ప్రాంతం గనుక మనం ఆర్.ఓ. యంత్రం నీరే తాగుతాము. ఆ యంత్రం శుద్ధజలాన్ని మనకిచ్చి, లవణాలు మిగిలిన నీటిని కాలువలోకి వదులుతుంది. ఆ వదిలిన నీటిని గుంటకు మళ్లిద్దామని ఎలక్ట్రీషియను సూచించాడు. నోటికి పనికిరాని ఉప్పునీరే భూమికి మంచిది, ఉప్పునీటిలో విద్యుత్తు సులభంగా పారుతుంది. కమిటీ పెద్దలు వెంటనే అనుమతించి, కొత్త గుంట తవ్వించి, ఒక గొట్టం వేయించారు. రెండు రోజుల తరువాత బల్బు నిండుగా వెలిగింది. ప్రాణభయం తీరింది. కాని రొద తిరిగి వచ్చింది.

ఈసారి టీచరుగారిని రిక్షాలో తీసుకువచ్చాము. ఆమె వయసు ఎనభై దాటింది. కళ్లు మూసుకుని కొంతసేపు ఆలకించి, ‘బాబూ, మీ మామయ్య పెట్టె రెండు గొంతుకలతో పాడుతున్నది. ఒకటి అడుగున, రెండవది సరిగ్గా దానిపై స్థాయిలో. ఒకరిని వెతికితే ఇద్దరూ దొరకరు. వేరువేరుగా వెతుకు’ అన్నారు.

నాకు ఒళ్లు గగుర్పొడిచింది. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తాలు పూర్తిచేస్తుంది. దాని రొద 50 ఆవర్తాల స్వరం. వాల్వు దానిని ఒకే దిశకు తిప్పినప్పుడు అటు పోటును, ఇటు పోటును రెండింటినీ ఒకవైపుకే మళ్లిస్తుంది గనుక సెకనుకు 100 తరంగాలు ఏర్పడతాయి. ఒక స్వరానికి రెట్టింపు ఆవర్తాలు గలది పై స్థాయిలోని అదే స్వరం గదా! శాస్త్రం మీటరు పెట్టి కనుగొనేదాన్ని ఆమె చెవితో చెప్పారు. ముందు విను, తరువాత తాకు.

పై స్థాయి గొంతుకను ముందు వెతికాము. మరబొత్తాన్ని పూర్తిగా తగ్గించినా అది తగ్గలేదు. అంటే మైకు వైపు నుంచి రావడం లేదు, విద్యుత్తు సరఫరా నుంచే వస్తున్నది. ఫిల్టర్ కండెన్సరు మన ఇంటి నీళ్లతొట్టి వంటిది. ట్యాంకరు ఆగి ఆగి వచ్చినా తొట్టి నిండుగా ఉంటే కుళాయి ధార తెగదు. తొట్టి పగిలితే ట్యాంకరు వచ్చినప్పుడే నీరు. ఆ కండెన్సర్లలోని ద్రవం ఎండిపోయి ఉన్నది. మదరాసులో ఉద్యోగం చేస్తున్న మన పూర్వ విద్యార్థి ఒకడు రిచీ వీధిలో గాలించి, 450 వోల్టులకు తాళే 32 మైక్రోఫారడ్ల కండెన్సర్లు రెండు పంపించాడు. వాటిని టంకం వేసిన రాత్రి పై గొంతుక ఆగిపోయింది.

అడుగు గొంతుక అంత సులభంగా లొంగలేదు. వాల్వు మార్చి చూశాము, ఫలితం లేదు. మైకు జాక్‌ను లోపలే చాసిస్‌కు కలిపి చూస్తే రొద కొంత తగ్గింది. అంటే కొంత మైకు తీగ నుంచి వస్తున్నది. మధ్యలో ఎవరో మామూలు తీగ అతికించి ఉన్నారు. దానిని తీసివేసి, చుట్టూ రాగి అల్లిక గల షీల్డు తీగను వేశాము. మిగిలినది వాల్వు హీటరు నుంచి. వాల్వును వేడిచేసే 6.3 వోల్టుల తీగలు రెండూ దూరదూరంగా, చెరొక దారిన పోతున్నాయి. వాటిని ఒకదానితో ఒకటి జడవలె పేనితే, ఒక తీగ పుట్టించే రొదను రెండవ తీగ కొట్టివేస్తుంది. మామూ పేనిన గుర్తులు కొన్నిచోట్ల ఇంకా ఉన్నాయి. ఆ తరువాత మరమ్మతు చేసినవారెవరో విప్పి వదిలేశారు. తిరిగి పేని, రెండు తీగలకూ చెరొక 100 ఓమ్ రెసిస్టరు పెట్టి, వాటి నడిమి కొసను చాసిస్‌కు కలిపాము. రొద దాదాపు మాయమైంది.

సంతోషంగా పెట్టెను తీసుకుపోయి కళాశాల యాంప్లిఫయరుకు కలిపాము. మళ్లీ ‘గూ...’!

ఆ రాత్రి నేను నిజంగా నిరాశ చెందాను. చేయి తనంతట తానే ప్లగ్గులోని ఆకుపచ్చ తీగ వైపు పోయింది. అబద్ధం చెప్పను, ఒక్క క్షణం పోయింది. ఎలక్ట్రీషియను ఏమీ అనలేదు, నా ముఖం చూశాడంతే. చేయి వెనక్కు తీసుకుని నోటుబుక్కు తెరిచాను. ‘జమీన్ ఏక్ హీ జగహ్.’ భూమి ఒక్కచోటే. అప్పుడు బోధపడింది. పెట్టెకు వేదికపై ఒక ఎర్తు, యాంప్లిఫయరుకు పక్కగదిలో మరొక ఎర్తు. రెండింటినీ షీల్డు తీగ కలుపుతున్నది. అదొక పెద్ద వలయం. రెండు గుమ్మాలున్న ఇంట్లో గాలి ఈ చివర దూరి ఆ చివర పోయినట్లు, ఆ వలయంలో దొంగ విద్యుత్తు తిరుగుతూ రొద పెడుతున్నది. తొలినాడు నేను తీగ ఊడదీసినప్పుడు రొద తగ్గింది అందుకే, వలయం తెగింది. వలయాన్ని తెంచడం సరి అయినదే. తెంచిన చోటు సరి అయినది కాదు. రెండు ప్లగ్గులనూ వేదికపైని ఒకే పలకకు, ఒకే ఎర్తుకు తగిలించాము. పెట్టె లోపల కూడా ఎవరో అదనంగా వేసిన రెండవ చాసిస్ అతుకును తీసివేసి, మామూ వేసిన ఒక్క అతుకునే ఉంచాము.

నిశ్శబ్దం. ఎటువంటి నిశ్శబ్దమంటే, బయట వేపచెట్టు మీద గాలి వినిపించింది. మా అమ్మీ నోటుబుక్కును దాచిపెట్టమని ఎందుకు చెప్పిందో, ఏడేళ్లపాటు నేను దానిని ఎందుకు తెరవలేదో తలచుకుని, ఎలక్ట్రీషియను చూడకుండా కళ్లు తుడుచుకున్నాను.

వార్షికోత్సవం నాడు వీణను ముట్టుకునే ముందు ఎలక్ట్రీషియను టెస్టరుతో ఏడు తీగలనూ, మైకు స్టాండునూ వరుసగా పరీక్షించాడు. టెస్టరు వెలగలేదు. ఆ తరువాత నేను నా రెండు చేతులతో తీగలను, స్టాండును ఒకేసారి పట్టుకున్నాను. ఆ బిడ్డ పట్టుకోవలసినదాన్ని ముందు నేను పట్టుకోవడం నా ధర్మమనిపించింది. ముందు వరుసలో తండ్రిగారు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి కొద్దిగా తల ఊపారు. అమ్మాయి మోహనాన్ని విడిచిన చోటనే తిరిగి అందుకున్నది. చివరి వరుసలో మిఠాయి పొట్లాలు విప్పుతున్న పిల్లలు కూడా చేతులు ఆపారు. గమకం గమకంగా, మీటు మీటుగా వీణ వినిపించింది.

కచేరీ ముగిశాక టీచరుగారిని ‘రొద ఏమైనా వినిపించిందా అమ్మగారూ?’ అని అడిగాను. ఆమె నవ్వి, ‘వినిపించింది బాబూ, చాలా సన్నగా. ఆ మాత్రం ఉండనీ, పెట్టె బతికే ఉన్నదని తెలియాలి గదా’ అన్నారు.

విద్యార్థులారా! నేను విద్యుత్ శాస్త్రం బోధించేవాడిని కాను. అయినా ఈ పన్నెండు రోజులలో నేర్చుకున్న రెండు మూడు విషయాలు మీకు అప్పగించదలచాను. రొద వినిపిస్తే అది ఎక్కడినుంచి వస్తున్నదో వెతకండి, నోరు నొక్కకండి. ఇంట్లోనైనా, సంఘంలోనైనా ఒక ఫిర్యాదు వినిపించకుండా పోవడం, తీరిపోవడం ఒకటి కావు. తెలియనిదాన్ని తెలియదని ఎలక్ట్రీషియనును పిలవడంలో ఎం.ఏ. పట్టాకు అవమానం లేదు. మీ ఇంట్లో ఇస్త్రీపెట్టె, తోటలో మోటారు, మసీదులో, గుడిలో మైకుసెట్టు, ఎక్కడైనా సరే, మూడు తీగలున్న ప్లగ్గును రెండు తీగలకు కుదించకండి. మొదటి రెండు తీగలు పనిచేస్తూ కనిపిస్తాయి, దీపం వెలిగిస్తాయి, పాట పాడిస్తాయి. మూడవది ఏళ్ల తరబడి ఏమీ చేయనట్లే ఉంటుంది. అది పనిచేయవలసిన క్షణం ఒక్కటే వస్తుంది. ఆ క్షణంలో అది లేకపోతే, ఆ దారిలో మనిషి ఉంటాడు.

పెట్టె ఇప్పుడు మన కళాశాల సంగీత విభాగపు బీరువాలో ఉన్నది. మామూ నోటుబుక్కును తెలుగు లిపిలోకి ఎత్తి వ్రాస్తున్నాను. ‘వీనా’ను మాత్రం ‘వీణ’గా దిద్దలేదు. అలాగే ఉంచాను.